రెండో స్థానం అని చెక్కిన బ్రేస్‌లెట్

2019వ సంవత్సరం. తిరుపతిలో నేను బంగారు పని మొదలుపెట్టి అప్పటికి ముప్పై రెండేళ్ళు. గాంధీ రోడ్డు వెనక సందులో, ఒక లాడ్జీకీ పూలకొట్టుకూ మధ్య ఇరుక్కున్న పదడుగుల గది నాది. బోర్డు కూడా లేదు. పెద్ద షోరూములు వచ్చాక మాలాంటివాళ్ళకు కొత్త నగల పని తగ్గిపోయింది. తెగిన గొలుసు అతకడం, బిగుసుకున్న ఉంగరం సాగదీయడం, టచ్ చూడడం మిగిలాయి. టచ్ అంటే నగలో అసలు బంగారం పాలెంతో చెప్పడం. గీటురాయి మీద నగను గీసి, ఆ గీత మీద ఆసిడ్ చుక్క వేసి, ఎంత నిలిచిందో కంటితో చూసి చెబుతాం. ఇప్పుడు దానికి మిషన్లు వచ్చాయి. అయినా మిషన్ చెప్పింది నిజమేనా అని నా దగ్గరికి వచ్చి అడిగేవాళ్ళు ఉన్నారు. ఈ మాట కాస్త గొప్ప కోసమే రాస్తున్నాను.

మా నాయన నాకు పనితో పాటు రెండు కట్టుబాట్లు నేర్పాడు. వస్తువు తెచ్చినవాడు ఎవరైనా సరే, ఎందుకు అడుగుతున్నావని అడగకూడదు, ఉన్నదున్నట్టు చెప్పి పంపాలి. ఒకరు తెచ్చిన వస్తువు సంగతి ఇంకొకరి దగ్గర ఎత్తకూడదు. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి అత్తగారు పెట్టిన గాజులు తెచ్చి టచ్ అడిగితే, రాగి పాలు ఎక్కువని చెప్పేసి, ఆ పిల్ల మొహం మాడిపోతున్నా పక్కకు తిరిగి నా పని చూసుకునేవాణ్ణి. మొండివాడని బజారులో నాకు పేరు. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

మామిడికాయల కాలం అయిపోయిన కొత్తల్లో గుణశేఖర్ వచ్చాడు. ముప్పై మూడో ముప్పై నాలుగో ఉంటాయి. చిత్తూరు వైపు ఐరాల దగ్గర పల్లె. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే ఉద్యోగం కొన్నేళ్ళు చేసి మానేశాడట. ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించాడు. మగవాళ్ళు చేతికి వేసుకునే వెడల్పాటి బ్రేస్‌లెట్, మధ్యలో పలక, పలక మీద అక్షరాలు.

“ఇట్లాంటిది చేసియ్యాలన్నా. ఇంత బరువొద్దు. సూసేదానికి ఇట్లే ఉండాల.”

“ఇదేం నగప్పా?”

“పోకర్‌లో ప్రపంచ ఛాంపియన్‌కి ఇచ్చేదన్నా. వాళ్ళకి కప్పుకంటే ఇదే ముఖ్యం.”

నాకు తెలిసిన పేకాటంతా పెళ్ళిళ్ళలో మండపం వెనక ఆడే రమ్మీనే. పోకర్ అంటే ఏమిటో అతనే చెప్పాడు. ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కనిపించేలా ఐదు ముక్కలు. పోటీలో అందరికీ సమానంగా చిప్స్ ఇస్తారు, అంటే డబ్బుకు బదులు పెట్టే బిళ్ళలు. అవి అయిపోయినవాడు లేచి వెళ్ళిపోవాలి. రెండు మూడు రోజులు ఆడగా ఆడగా చివరికి మొత్తం బిళ్ళలు ఎవరి ముందు చేరతాయో వాడే ఛాంపియన్.

పని పది రోజులు పట్టింది. రోజు విడిచి రోజు వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చునేవాడు. నేను తీగ లాగుతుంటే, లంకెలు వంచుతుంటే, ఆ ఆట పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేవాడు. ఏ ఏడు ఎవరు గెలిచారో, చివరి ఆటలో ఏ ముక్కలు పడ్డాయో, తడుముకోకుండా వరసగా అప్పజెప్పేవాడు. నోరు తిరగని ఆ పేర్లు నాకు ఒక్కటీ గుర్తు లేవు. కథలు మాత్రం కొన్ని గుర్తున్నాయి.

అమెరికాలో ఆ పోటీ మొదలైన తొలి ఏడు అసలు పోటీయే లేదట. గొప్ప ఆటగాళ్ళందరూ కొన్నాళ్ళు కలిసి ఆడి, చివర్లో ఓట్లు వేసి ఎన్నుకున్నారట. మీలో అందరికంటే గొప్పవాడు ఎవరంటే ప్రతివాడూ తనకే వేసుకున్నాడని చెప్పుకుంటారట. అప్పుడు, సరే మీ తర్వాత రెండోవాడెవడు అని అడిగితే ఒక పెద్దాయన పేరు తేలిందట. ఆయనకు వెండి కప్పు ఇచ్చారు. మరుసటి ఏటి నుంచి చివరి బిళ్ళ దాకా ఆడే పద్ధతి వచ్చింది, బ్రేస్‌లెట్లు ఇంకొన్నేళ్ళకు వచ్చాయి. మూడుసార్లు ఛాంపియన్ అయిన మహా ఆటగాడొకడు చివరికి ఒక చౌక లాడ్జీ గదిలో ఒంటరిగా చనిపోయి కనిపించాడట. ఆ సంగతి చెప్పినప్పుడు గుణశేఖర్ గొంతు తగ్గించాడు.

అతని ప్రాణం మాత్రం ఇంకొకాయన మీద ఉండేది. ఆయన లెక్కలు రాసుకునే ఉద్యోగి. ఇంట్లో కంప్యూటర్ మీద చిన్న పోటీలో గెలిచి, దాని మీదుగా పెద్ద పోటీకి పోయి, పేరున్న ఆటగాళ్ళందరినీ దాటి ఛాంపియన్ అయ్యాడట.

“ఆయప్ప గెలిచినాకనే లోకమంతా ఆడేది మొదలుపెట్టిందన్నా. నేనూ లెక్కలు రాసేవోణ్ణే గదా, నేనెందుకు గెలవను అనుకొనింటి. ఉద్యోగం ఇడిసిపెట్టింది అందుకే.”

ఉద్యోగం వదిలిన రోజు నుంచి అతని తండ్రి మాట్లాడడం మానేశాడు. నాలుగేళ్ళు. చెరుకు వేసి బెల్లం వండుకునే రైతు. కొడుకు పేకాటగాడయ్యాడని ఊళ్ళో నలుగురిలో తలెత్తుకోలేకపోయాడట. ఇప్పుడు ఆయనకు రెండు కిడ్నీలూ పోయి, తిరుపతిలో ఆసుపత్రి దగ్గరే గది తీసుకుని డయాలిసిస్ చేయించుకుంటున్నారు. డాక్టర్లు ఎక్కువ రోజులు చెప్పలేదు. సరిగ్గా ఆ సమయంలోనే గోవాలో పెద్ద పోటీ జరిగింది. మూడొందల మందికి పైగా ఆడారు. గుణశేఖర్ చివరి ఇద్దరిలో మిగిలాడు. ఆఖరి ముక్క ఎదుటివాడికి కలిసొచ్చింది.

“రెండోవోడికీ దుడ్డు బాగానే ఇస్తారన్నా. ఈ బ్రేస్‌లెట్ మాత్రం ఒక్కడికే. పేరు రాసుకునేది కూడా ఆ ఒక్కడిదే. ఇన్నేండ్ల ఛాంపియన్లని నీకు చెప్పినా గదా, రెండోవోళ్ళని ఒక్కర్నన్నా చెప్పినానా?”

“మరి ఇదెందుకు చేయించుకుంటావు?”

“ఆట అయిపోయినాక అమ్మకి ఫోన్ చేసినా. అమ్మ ఫోన్ నాయనకిచ్చేసింది. నాలుగేండ్ల తర్వాత నాయన గొంతు ఇన్యానన్నా. ‘గెలిచినావా?’ అన్యాడు. అంతే అడిగింది. లేదని చెప్పేదానికి నోరు రాలా. గెలిచినా నాయనా అనేసినా. ఆసుపత్రిలో అందరికీ చెప్పుకుంటా ఉండాడంట. ఏమిచ్చినారో సూపించమంటా ఉండాడు.”

నాకు జాలి కలిగింది. కలిగినా నా మొండితనం నాదే. పలక తయారయ్యాక ఛాంపియన్ అని ఇంగ్లీషులో చెక్కమన్నాడు. నేను ఉలి కింద పెట్టేశాను. లేనిదాన్ని నా చేత్తో చెక్కనన్నాను. మనుషులు పోతారు, నగ ఉంటుంది, రేపు దీన్ని ఎవడో చూసి నమ్ముతాడు, ఆ పాపం నాకొద్దన్నాను. తొలి ఛాంపియన్ అందరి లెక్కలో రెండోవాడే కదప్పా, ఉన్నదే చెక్కించుకుని మీ నాయనకు ఉన్నదే చెప్పు, అని నీతులు కూడా చెప్పాను. అతను బతిమాలాడు, కోపం తెచ్చుకున్నాడు, లేచి పోయాడు. గంట తర్వాత తిరిగొచ్చాడు.

“సరే అన్నా. రన్నరప్ అనే చెక్కు. నాయనకి ఇంగ్లీషు చదవను రాదు. నేను చెప్పుకుంటా.”

రన్నరప్ అంటే రెండో స్థానం. ఆ మాటా, కింద గోవా, 2019 అనీ చెక్కాను. అక్షరాలు ముత్యాల్లా కుదిరాయి. కొక్కెం కింద నా గుర్తు కొట్టాను. మా వీధిలో ప్రతి పనివాడికీ ఒక గుర్తు ఉంటుంది, దాన్ని చూసి ఎవరి పనో చెప్పేస్తాం. నా మాట నెగ్గిందని ఆ రోజు కాస్త సంతోషంగానే ఇంటికి వెళ్ళాను.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం ఆ బ్రేస్‌లెట్ మళ్ళీ నా ముందుకు వచ్చింది. తెచ్చినాయనకు డెబ్బై ఏళ్ళు ఉండొచ్చు. పంచె, పొడుగు చేతుల చొక్కా, భుజాన తువ్వాలు. తువ్వాలు కొసన ముడి విప్పి వస్తువు చాప మీద పెట్టాడు.

“ఒక లంకె తీసేయాల ఆచారీ. చేతికి నిలవకుండా జారిపోతా ఉండాది. నాలుగంగళ్ళు తిరిగినా. ఈడ గుర్తు చూసి నీ కాడికి పొమ్మన్యారు.”

గుణశేఖర్ మాటలను బట్టి అతని తండ్రి మంచం పట్టి ఉంటాడనుకున్నాను. ఈయన ఎండన పడి నడిచి వచ్చాడు. నాకు తోచిందల్లా ఒకటే. కుర్రవాడు నాలుగు రోజులకే వస్తువు అమ్ముకున్నాడు, ఈ పెద్దాయన ఎక్కడో కొనుక్కున్నాడు. ఎవరు నువ్వని అడిగే అలవాటు నాకు ముందే లేదు. లంకె ఊడదీస్తుంటే ఆయన పలక మీద వేలు పెట్టాడు.

“ఈ అచ్చరాలు ఏమని ఆచారీ?”

కొన్నవాడికి ఉన్నదున్నట్టు చెప్పడం నా ధర్మం. తల ఎత్తకుండానే చదివాను. “రెండో స్థానం, గోవా, 2019.”

“రెండోదా?”

“ఔను పెద్దాయనా. ఏదో పేకాట పోటీలో రెండోవాడని. మొదటివాడు కాదు.”

ఆయన వేలు పలక మీద నుంచి కదల్లేదు. తల ఎత్తి చూశాను. చొక్కా చెయ్యి పైకి జరిగి ఉంది. ముంజేతి మీద రెండు చోట్ల దూది పెట్టి అంటించిన ప్లాస్టర్లు. డయాలిసిస్ సూదులు గుచ్చిన చోట్లు. ఈయన గుణశేఖర్ నాయనే. గబగబా మంచినీళ్ళ చెంబు ముందుకు జరిపాను.

“వద్దప్పా. నాకు నీళ్ళు కొలత. పొద్దున్నే తాగేసినా” అన్నాడు. తర్వాత నెమ్మదిగా, “మావోడు మొదుటిదన్న్యాడే” అన్నాడు.

నోటికి వచ్చిందేదో చెప్పి సర్దబోయాను. నాకు ఇంగ్లీషు అంతగా రాదు, తప్పు చదివానేమో అన్నాను. ఆయన నవ్వాడు.

“బెల్లం వండేవోణ్ణి. నురగ సూసి పాకం చెప్తా. నీ మొగం సూస్తే తెలవదా? ఎంతమంది ఆడినారంట?”

“మూడొందలకు పైన అన్నాడు.”

“మూడొందల మందిలో రెండోవోడు.” ఆయన బ్రేస్‌లెట్ అందుకుని రెండు వైపులా తిప్పి చూశాడు. “నలభై ఏండ్లు చిత్తూరు మార్కెట్టుకి బెల్లం తోలినా. ఒక్క ఏడన్నా నా సరుకు రెండో ధర కూడా పలకలా. వీడు నాకన్నా మేలే.”

ఇంటికి పోయి అబ్బాయితో ఆ మాటే చెప్పండి, పొంగిపోతాడు, అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“నేనడగను. అడిగితే వానికి సిగ్గు. వాడే చెప్తాడు. చిన్నప్పుడు ఏం తప్పు చేసినా రెండు దినాలు నా ఎనకాలే తిరిగి, తర్వాత వాడే వచ్చి చెప్పేవోడు. అప్పుడు చెప్తా నేను ఈ మాట. నువ్వు మాత్రం నోరు తెరవద్దు.”

తెరవనన్నాను. ఒకరి సంగతి ఇంకొకరితో చెప్పకపోవడం నాకేం కొత్త కాదు. తీసిన లంకెను కాగితంలో చుట్టి ఇచ్చాను. ఆయన బ్రేస్‌లెట్ చేతికి వేసుకుని, చొక్కా చెయ్యి మడిచి, ఆటోస్టాండు వైపు వెళ్ళిపోయాడు. నేను వెంటనే గుణశేఖర్‌కు ఫోన్ చేసి ఉండాల్సింది. మీ నాయనకు నిజం చెప్పేయప్పా అని ఒక్క మాట అంటే కట్టుబాటూ తప్పేది కాదు. ఈ ఆలోచన నాకు అప్పుడు రాలేదు. ఇప్పుడు రోజూ వస్తుంది.

నెల దాటాక గుణశేఖర్ వచ్చాడు, గుండుతో. చూడగానే అర్థమైంది. నా దగ్గరికి వచ్చివెళ్ళిన పదకొండో రోజున ఆయన పోయాడు. చెప్పిన తేదీని బట్టి నేను లెక్క వేసుకున్నాను. గుణశేఖర్ బ్రేస్‌లెట్టూ, కాగితంలో చుట్టిన లంకే చాప మీద పెట్టాడు.

“కరిగించెయ్యన్నా.”

“ఉండనీ అప్పా. మీ నాయన చేతికి ఉన్నది.”

“అందుకే కరిగించమనేది. ఆ చేతికి ఉన్నన్ని దినాలూ అది అబద్ధమే. ఆయన పొయ్యేదాకా నర్సులకి సూపించినాడు, పక్క మంచమాయనకి సూపించినాడు. నేను సూడలేకపోయినా.”

నోరు తెరవనని ఆయనకు మాట ఇచ్చి ఉన్నాను. చెప్పాలా వద్దా అని తేల్చుకోలేక, చేతులకు అలవాటైన పని మొదలుపెట్టాను. బ్రేస్‌లెట్‌ను ముక్కలు కత్తిరించి మూసలో వేశాను. మూస అంటే బంగారం కరిగించే మట్టి గిన్నె. బంగారం త్వరగా కరగడానికి వెలిగారం చల్లి టార్చ్ వెలిగించాను. నేను చెక్కిన అక్షరాలు ముందు మెత్తబడ్డాయి, తర్వాత కలిసిపోయాయి. కాసేపటికి మూస అడుగున ఒక ముద్ద మిగిలింది.

దాన్ని చూస్తూ గుణశేఖర్ అన్నాడు. “నాయన నాతో మళ్ళా మాట్లాడినాడని అందరూ సంతోషపడినారన్నా. ఆయన మాట్లాడింది నాతో కాదు, గెలిచినోనితో. అట్లాంటోడు ఎవడూ లేడు. నన్ను మాత్రం ఆయన కోపంగానే ఇడిసి పొయ్యినాడు.”

ఇక ఆగలేకపోయాను. ఆయన నా దగ్గరికి వచ్చిన సంగతి మొదలుకొని మొత్తం చెప్పాను. నేను చదవడం, ఆయన అడగడం, మూడొందల మందిలో రెండోవాడని ఆయన మురిసిపోవడం, నాకన్నా మేలే అనడం. గుణశేఖర్ కళ్ళు పెద్దవి చేసి వింటున్నాడు, మొహంలోకి రక్తం వచ్చింది. అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. నేను ఆపలేదు. సగం టచ్ చెప్పి పంపడం నాకు చేతకాదు. వాడే చెప్తాడు, నేనడగను, అన్న మాట కూడా చెప్పేశాను.

అతను స్టూలు మీద నుంచి దిగి నేల మీద కూర్చుండిపోయాడు.

“రోజూ చెప్దామనే పొయ్యేవాణ్ణన్నా. దోవంతా మాటలు కూడబెట్టుకొని పొయ్యేవాణ్ణి. తలుపు తీసేసరికి నాయన నన్ను సూసి నవ్వేవోడు. ముందెప్పుడూ అట్ల నవ్వింది లేదు. గెలిచినానని మురిసిపోతా ఉండాడు, ఆ నవ్వు చెడగొట్టేది ఎట్లా అని రోజూ మింగేసినా.”

ఇద్దరం ఏడ్చాం. పనిలో కూర్చున్నప్పుడు నేను ఏడవడం అదొక్కసారే. చల్లారిన ముద్దను నీళ్ళలో కడిగి అతని చేతిలో పెట్టాను. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. మళ్ళీ అతన్ని చూడలేదు. ఆట మానేసి చెరుకు చూసుకుంటున్నాడని ఐరాల నుంచి వచ్చిన ఒకాయన అన్నాడు. నిజమో కాదో తెలియదు.

ఈ మధ్య నా దగ్గరికి ఎవరైనా నగ తెచ్చి టచ్ అడిగితే, ఇది ఎవరికోసం అడుగుతున్నారని ముందు నేను అడుగుతున్నాను. మా నాయన నేర్పిన కట్టుబాటు తప్పినట్టే. కొందరు విసుక్కుంటారు, నీకెందుకని లేచిపోతారు. పోనీ. ముప్పై రెండేళ్ళు నిజం ఎవరు చెప్పినా ఒకటే అనుకున్నాను. ఆ నిజం గుణశేఖర్‌ది. అది అతని నోటి నుంచే రావాలి. అది వస్తుందని ఆ ముసలాయన పదకొండు రోజులు, తలుపు తీసిన ప్రతిసారీ, నవ్వుతూ ఎదురుచూశాడు.